సూరమ్మ చుక్క

మే నెలలో, నరసాపురంలో, మెడకి టై. పేరు చూస్తే అన్నవరం మెట్లంత పొడుగు, వీరవెంకటసత్యనారాయణ. హైదరాబాదు కంపెనీ పంపిన మనిషి. వచ్చీ రాగానే "సత్యా అనండి చాలు" అన్నాడు గాని విజయ్ పాల్ అనలేదు. ఎందుకనాలి, వాడి కంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడు తను, మనసులో మొత్తం పేరూ పిలుస్తాడు, వీరవెంకటసత్యనారాయణ, పిలిచినప్పుడల్లా వాడి మీద కాస్త కసి తీరుతుంది. ఒక గంట, అన్నాడు వాడు. ఒక గంట పాటు పన్నెండుమందీ ఒక్కసారిగా టైపు చెయ్యాలి, తెరలు ఆగకూడదు, ఆగకపోతే ఆసుపత్రి కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని ఈ గదికే, ఆగితే మధ్యాహ్నం బండెక్కి భీమవరంలో ఇంకో గది చూసుకుంటాడు. అంతే. చెప్పేసి కుర్చీ గోడకి జరుపుకుని, గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని కూచున్నాడు, పరీక్ష హాల్లో మాస్టారులాగా. ఆ మాస్టార్ల మొహం చూడలేకే కదా తను ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టి లేసు దారం కట్టలు సైకిలుకి కట్టుకున్నది. మళ్ళీ ఇన్నేళ్ళకి అదే మొహం, తన గదిలోనే, తన కుర్చీలోనే. విజయ్ పాల్ వెనక గదిలోకి వచ్చి పెద్ద మిషను పక్కన స్టూలు వేసుకుని, తలుపు బెత్తెడు తీసి ఉంచి, ఆ సందులోంచి చూస్తున్నాడు. నడు, అన్నాడు మిషనుతో. ఇవాళ ఒక్క గంట నడు, ముదనష్టపుదానా.

నడవదు. దానికి తెలుసు ఇవాళ నడవాలని, అందుకే నడవదు. అవతల పన్నెండు బల్లల మీదా ఉన్నవి అసలు కంప్యూటర్లే కావు, అగ్గిపెట్టెకి అన్నలాంటి డబ్బాలు, వాటికి బుర్ర లేదు, ఉన్న బుర్రంతా ఈ వెనక గదిలో ఈ ఒక్క మిషనులో ఉంది, ఇది ఆలోచిస్తే అక్కడ అక్షరం పడుతుంది, ఇది తూగితే పన్నెండుమందీ చేతులు ముడుచుకు కూచుంటారు. పన్నెండు కంప్యూటర్లు కొనక్కర్లేదు సార్, ఒకటి కొంటే పన్నెండయినట్టే, అని చెప్పినవాడు రాజమండ్రి మురళీకృష్ణ. మోటారుసైకిలు మీద దిగేవాడు, మంచినీళ్ళు అడిగేవాడు, పెద్దదాని మూత ఊడదీసి లోపలికి తొంగి చూసి పెదవి విరిచేవాడు. మెమొరీ చాలట్లేదు సార్. మెమొరీ వేయించాడు. వైర్లు కలిసే పెట్టె మంచిది కాదు సార్. మార్పించాడు. తెరల మీద రంగులు తగ్గించండి సార్, తగ్గించాడు, చివరికి ఆడవాళ్ళ మొహాలకి సున్నం రాసినట్టు తయారయ్యాయి తెరలు. వైరసు మందు మధ్యాహ్నం పూట పని చెయ్యకుండా రాత్రికి పెట్టండి సార్, పెట్టాడు. కిటికీకి ఏసీ, దాని పైన ఫ్యాను, ఫ్యాను పైన దేవుడు. ఇంట్లో ఇంత మందికి ఇంత సేవ ఎప్పుడైనా చేశాడా తను? దీనికి చేశాడు. అయినా ఒక అక్షరం కొడితే మూడు మాటలు మాట్లాడుకునేంత సేపటికి పడేది. మురళీకృష్ణ మళ్ళీ దిగేవాడు, మళ్ళీ మంచినీళ్ళు.

గదిలో ఇంకా గంజి వాసన పోలేదు. కంప్యూటర్లు వచ్చి రెండేళ్ళయింది, రెండుసార్లు రంగు వేయించాడు, అయినా ఉక్కపోత మొదలయ్యేసరికి గోడల్లోంచి గంజి, తడి నూలు, ఇస్త్రీ బొగ్గు. ఇది లేసు గోడౌను. ఇక్కడే, ఇప్పుడు వాడు టై కట్టుకుని కూచున్న చోటే, చాప మీద తను కూచుని, ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళ లేసు ముక్కలు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసేవాడు. అల్లికలో ఒక గొలుసు కుట్టు తగ్గినా కనబడేది. ఒక ముడి బిగిసినా కనబడేది. పక్కన పడేసేవాడు. "అదేంటి ఏజెంటుగారూ, కంటికి కూడా ఆనదు కదండీ!" అనేవాళ్ళు. నీ కంటికి ఆనదు, దొరల కంటికి ఆనుతుంది, తీసుకుపో. గట్టివాడని పేరు. ఎవరికి మంచివాడుగా ఉండాలి? దొరల సీమకి పోయే సరుకు. తాతమ్మల కాలంలో దొరసానులు చర్చి వరండాలో కూచోబెట్టి నేర్పిన పని, ఈ చుట్టుపక్కల ఏ ఇంటి అరుగు మీద చూసినా సూది ఆడుతూ ఉండేది, అన్నం ఉడుకుతున్నా ఆడేది, చంటిపిల్ల పాలు తాగుతున్నా ఆడేది. ఎక్కణ్ణుంచో మిషను లేసు వచ్చిపడింది, చైనాదన్నారు, గజాల లెక్కన, తెల్లగా, చవగ్గా, ఏ తప్పూ లేకుండా. తప్పు లేని లేసుని తను ఏమని పక్కన పడెయ్యగలడు? అప్పుడు మూసేశాడు. మూయక ఏం చేస్తాడు, మ్యూజియం పెడతాడా? మచ్చుగుడ్డలన్నీ, ఏ డిజైను ఎలా ఉండాలో చూపించడానికి గోడకి తగిలించిన ముక్కలు, నంబర్లు కట్టి ఉండేవి, ఒకటి నుంచి అరవై దాకా, అన్నీ మూటగట్టి పాతగుడ్డలవాడికి తూకానికి వేశాడు. ఖాళీ గోడలు కావాలి కంప్యూటర్లకి. అంతే. ఆ మూటలో నలభై రెండో నంబరు కూడా ఉంది. ఉంటే ఏమైంది? అన్నిటితో పాటు అదీ.

తెరలు కదులుతున్నాయి. కొంచెం కదులుతున్నాయి. టకటకమని కీబోర్డుల చప్పుడు, కొడుతున్నది అప్పట్లో లేసు అల్లిన ఆడవాళ్ళే, కిటికీ పక్కన ఏడో బల్ల దగ్గర సూరమ్మ వీపు. వీపే కనబడుతుంది ఎప్పుడూ. భార్య మొహం ఎలా ఉంటుందో మరిచిపోయే రోజు వస్తుందేమో తనకి. ఆ మూట పోయిన రోజు నుంచి సూరమ్మ తనతో మాట్లాడదు. అరవలేదు, ఏడవలేదు, పుట్టింటికి పోలేదు, అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, చెప్పాల్సింది కూతురితో చెబుతుంది. వినీలా, మీ నాన్నని స్నానానికి లెమ్మను. వినీలా, మీ నాన్నకి మజ్జిగ కావాలేమో అడుగు. ఎదురుగా నిలబడే. ఒకసారి ఆ పిల్ల ఇంట్లో లేకపోతే గోడ మీది కేలండరుకి చెప్పింది, బియ్యం నిండుకున్నాయని. తిట్టినా బాగుండేది. తిడితే తనకొచ్చిన విద్య అది, నాలుగు తిరిగి తిట్టేవాడు. నలభై రెండో నంబరు దాని సొంత అల్లికట, ఏ దొరసానీ చెప్పింది కాదట, ఏ పుస్తకంలోదీ కాదట, ఆరు రెక్కల చుక్క, పెళ్ళయిన కొత్తలో అల్లింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. తను నంబరుతోనే పిలిచేవాడు. వ్యాపారంలో పేర్లేంటి? నంబరంటే నంబరే. పెళ్ళాంది కదాని ఒక ముక్కకి పేరు పెడితే మిగతా యాభై తొమ్మిదింటికీ వాళ్ళ మొగుళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడరూ?

ఈ వినీలొకత్తి. తల్లికి తగ్గ కూతురు. మొన్న క్రిస్మస్‌కి అందరూ తెరల మీద మంచు కురిపించుకుంటున్నారు నాన్నా, మనం కూడా పెడదామంది. మంచేంటి ఇక్కడ, ఈ గోదారి ఒడ్డున ఎవరు చూశారు మంచు? అయితే మంచు బదులు ఇది, అని తల్లి మొట్టమొదట అల్లి బైబిలు సంచీకి కుట్టుకోగా మిగిలిపోయిన ఒకే ఒక చుక్కని ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించి, పైనుంచి కిందికి రాలేట్టు చేసింది. పన్నెండు తెరల మీదా తెల్లగా నలభై రెండో నంబరు, తిరుగుతూ, తేలుతూ, టైపు చేస్తున్న కాగితం మీదుగా కిందికి. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. సూరమ్మ కొట్టలేదు, చూస్తూ కూచుంది. క్రిస్మస్ పోయింది, గుడ్‌ఫ్రైడే పోయింది, మామిడికాయలు వచ్చాయి, చుక్కలు రాలుతూనే ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం మురళీకృష్ణ ఆఖరిసారి దిగి, మంచినీళ్ళు తాగి, ఈసారి మూత తియ్యకుండా అవతల గదిలో నిలబడి తెరలు చూశాడు. "ఇదేంటి సార్, ఈ పువ్వులు? ఎప్పట్నుంచున్నాయి? ఒక్కో పువ్వు కదిలినప్పుడల్లా పెద్దది దాన్ని పన్నెండుసార్లు గీసి పన్నెండు వైర్లలో పంపాలి. గీతలకే సరిపోతుంది దానికి, ఇంక అక్షరాలెక్కడ పంపుద్ది? మీ వెనక గది సర్వరు తెర మీద పెట్టుకోండి కావాలంటే, అది వైరు దాటదు. వాళ్ళవి మాత్రం తీసెయ్యండి." ఇన్నాళ్ళూ ఈ ముక్క చెప్పడానికి ఏమైందిరా నీకు! మెమొరీ, పెట్టె, వైర్లు! "మీరు అడగలేదు కదండీ," అన్నాడు. తన్నాలనిపించింది. నిన్న అందరూ ఇళ్ళకి వెళ్ళాక వినీలని కూచోబెట్టి అన్ని బల్లలవీ తీయించాడు. "అమ్మకి ఒక మాట చెబుదాం నాన్నా" అంది. అక్కర్లేదన్నాడు. తీసి నడిపి చూస్తే మిషను లేగదూడలా ఉరికింది.

పొద్దున వచ్చి చూస్తే చుక్కలు రాలుతున్నాయి. అన్ని తెరల మీదా. వాడు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు, టైతో సహా. "డిజైను బాగుందండీ, మీ లోగోనా?" అన్నాడు. ఎవరు పెట్టారు మళ్ళీ? వినీల ఒట్టేసింది. మురళీకృష్ణేనా, రిపేరుకి మళ్ళీ పిలవాలని? బావమరిదా, ఈ గది మీద కన్నున్నవాడు? వాడికి మిషను ముట్టుకోవడం రాదు, నోరే వచ్చు. ఎదుటి వీధి బుల్లబ్బాయా, తనూ ఇంటర్నెట్టు పెడతానని తిరుగుతున్నాడు? ఎవరైతేనేం, అందరూ ఒక్కటే, ఎవడికీ తను నాలుగు మెతుకులు తినడం ఇష్టం లేదు. వెనక గదిలోంచే ఒక్క దెబ్బకి తీసేద్దామంటే పెద్దమిషను ఆపి మళ్ళీ లేపాలి, అది లేచేలోపు వీరవెంకటసత్యనారాయణ స్టేషన్లో ఉంటాడు. లేకపోతే ఎవరి బల్ల దగ్గర వాళ్ళే మూసుకోవాలి. ఎవరి బల్ల దగ్గర వాళ్ళు. ఎవరికి చెబుతాడు తను? చాప మీద కూచుని ఇరవయ్యేళ్ళు వాళ్ళ పనిని పక్కన పడేసిన నోటితో ఏం చెబుతాడు?

కీబోర్డుల చప్పుడు ఆగింది. విన్నాడు. ఆగిందా? ఆగింది. ఏసీ మూలుగు ఒక్కటే. స్టేషను వైపు నుంచి ఇంజను కూత. తలుపు సందులోంచి చూస్తే పన్నెండు తెరలూ కట్టెల్లా నిలబడ్డాయి, చుక్కలు కూడా సగం దారిలో ఆగి వేలాడుతున్నాయి, వాడు గడియారం కేసి చూస్తున్నాడు. అప్పుడు చూశాడు విజయ్ పాల్, ఇన్ని నెలలుగా చూస్తూనే చూడనిది. పన్నెండుమంది చేతులూ కీబోర్డు మీంచి ఒడిలోకి జారాయి. పన్నెండు సూదులు బయటికొచ్చాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అది చేతుల అలవాటు, అన్నం ఉడికేలోగా, పిల్ల నిద్రపోయేలోగా, మిషను తేరుకునేలోగా. బల్లల కింద తెల్ల దారం. సూదులు ఆడుతున్నాయి, తెరలు నిలబడ్డాయి. లోవమ్మ ఒళ్ళోంచి దారపు ఉండ జారి నేల మీద దొర్లుకుంటూ పోయి తిన్నగా వాడి బూటుకి తగిలింది. వాడు వంగి తీశాడు.

"ఇదేంటండీ?"

"దారమండి," అంది లోవమ్మ, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

"అంటే... కంప్యూటరు దగ్గర?"

"మరి అది ఆలోచించుకుంటంది కదండీ. మేం ఖాళీగా కూచుంటే బాగుంటదా?"

నవ్వారు. వాడు కూడా నవ్వాడు గాని టై సర్దుకున్నాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. విజయ్ పాల్‌కి ఆ నవ్వు వినబడలేదు. పెరట్లో తీగ కనబడుతోంది కళ్ళ ముందు, మొన్న ఆదివారం సూరమ్మ ఉతికి ఆరేసిన తెల్ల లేసు దుప్పటి, రెండు మంచాలకి సరిపోయేంత. దాని కింద నుంచి వంగుని స్నానానికి వెళ్ళాడు తను. పదహారో నంబరు. ఇరవై ఒకటి, ద్రాక్షగుత్తి. ముప్పై, పీతకాలు. నెత్తికి తగులుతున్నా చూడలేదు. అమ్మేసిన మచ్చుగుడ్డలు! అరవైకి అరవై, మతికి ఉన్నవి ఉన్నట్టు, పన్నెండుమంది చేత మళ్ళీ అల్లిస్తోంది. ఎప్పుడల్లుతారు? ఇప్పుడు. ఇక్కడ. మిషను ఆగినప్పుడల్లా. అది ఎంత నెమ్మదిస్తే దుప్పటి అంత పెరిగింది. మెమొరీ వేయించింది తను, ఏసీ పెట్టించింది తను, మంచినీళ్ళు ఇచ్చింది తను, పెద్దమిషను గదిలో కూచుని దాన్ని పరిగెత్తించడానికి తను చస్తుంటే, అవతల కూచుని దాని నెమ్మదిని దారంలా లాక్కుని అల్లుకుంది. పొద్దున్నే వచ్చి గది ఊడ్చే వంతు ఎవరిది? సూరమ్మది. కూతురి భుజం మీంచి చూసి నేర్చుకుంది. చుక్కలు మళ్ళీ పెట్టింది సూరమ్మ.

కోపం వచ్చింది. కోపానికి కాళ్ళున్నట్టు అదే లేచి అవతల గదిలోకి నడిచింది. కిటికీ పక్కకి, ఏడో బల్ల దగ్గరికి. రెండేళ్ళలో ఇంత దగ్గరగా నిలబడలేదు, పగటిపూట. తల తిప్పలేదు ఆవిడ. సూది ఆడుతోంది.

"వినీలా," అంది, "మీ నాన్నని పక్కకి జరగమను. వెలుతురు అడ్డం."

బల్లల మధ్య నిలబడి ఉన్న వినీల అటూ ఇటూ చూసింది. వీరవెంకటసత్యనారాయణ కూడా చూస్తున్నాడు, గడియారం వదిలేసి. ఏమనాలి? ఇల్లు కూలుస్తావా అనాలి. పన్నెండుమంది కూడు అనాలి. నీ దుప్పటి తగలబెడతా అనాలి. అన్నీ నోటిదాకా వచ్చాయి, ఏదీ అనలేకపోయాడు, అంటే ఆవిడ కేలండరు వైపు తిరుగుతుంది.

"తీసెయ్యమని చెప్పు, వాళ్ళకి," అన్నాడు, గొంతు తగ్గించి. "నువ్వు చెబితే తీస్తారు."

"ఏం తియ్యాలో అడుగు, వినీలా."

"అదే. ఆ తెర మీది."

"తెర మీద చాలా ఉన్నాయని చెప్పు. నిన్న చెప్పాపెట్టకుండా తీసినదానికో పేరుండాలే, అది చెప్పమను."

"నలభై రెండు," అన్నాడు. అని ఆగాడు. సూదులన్నీ ఆగి ఉన్నాయి. లోవమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది, దాని అవతల బల్ల బేబి పెదవి కొరుక్కుంటోంది, నవ్వుకో ఏడుపుకో. ఇంతమంది ముందు. ఈ టైవాడి ముందు. గట్టివాడని పేరున్న మనిషి. ఛీ, ఏముంది, రెండు మాటలు. పెళ్ళయిన కొత్తలో, అది అల్లి ఆరబెట్టి చేతికిచ్చిన రోజున అనాల్సిన రెండు మాటలు.

"సూరమ్మ చుక్క," అన్నాడు. "సూరమ్మ చుక్క తీసెయ్యమని చెప్పు."

ఆవిడ సూదిని దారపు ఉండలో గుచ్చింది. తన తెర మీద ఏదో నొక్కింది. ఏడో బల్ల మీద చుక్కలు మాయమయ్యాయి. పక్కన లోవమ్మ నొక్కింది, బేబి నొక్కింది, ఆ వరస, ఈ వరస, ఒకరి తరవాత ఒకరు, ప్రార్థన అయ్యాక చర్చిలో దీపాలు తీసేస్తున్నట్టు. ఆఖరిది పోగానే ఆగిపోయి ఉన్న అక్షరాలన్నీ ఒక్కసారిగా తెరల మీద వచ్చిపడ్డాయి. "అబ్బో!" అంది ఎవరో. కీబోర్డులు అందుకున్నాయి. వడగళ్ళు రేకుల మీద పడ్డట్టు ఆ చప్పుడు. వీరవెంకటసత్యనారాయణ లేచి నిలబడి ఒక్కో బల్ల వెనకా నడుస్తూ, "సూపరండీ, సూపర్," అంటున్నాడు, "ఇలా నడిస్తే ఇంకేం కావాలండీ మాకు." ఒక్క ఆడమనిషీ తలెత్తలేదు. సూదులు కనబడవు. ఇంక దారానికి తీరిక లేదు.

విజయ్ పాల్ వెనక్కి తిరిగాడు. నెగ్గాడు కదా. నెగ్గినట్టు లేదే.

"వినీలా," వెనక నుంచి, కీబోర్డు ఆపకుండానే, "మీ నాన్న తెర మీద మాత్రం ఉంటుందని చెప్పు. అది వైరు దాటదుగా."

ఉంది. వెనక గదిలో పెద్దమిషను ముందున్న ఒక్క తెర మీద, ఎప్పుడు పెట్టిందో, తలుపు సందుకే కళ్ళప్పగించి తను చూడనే లేదు, రాలుతోంది. తీసెయ్యొచ్చు. తీసెయ్యాలి. తన గది, తన మిషను. మౌసు మీద చెయ్యి వేశాడు. రోజంతా ఈ గదిలో ఒంటరిగా కూచుని దీన్ని చూడాలా తను, అవతల పన్నెండుమందీ పనిలో మునిగి ఉంటే? అదీ ఆవిడ లెక్క. అదీ శిక్ష. మిషనుకి ఇప్పుడు బరువు లేదు, అందుకని చుక్కలు తడబడకుండా, ఆగకుండా, నూనె రాసినట్టు జారుతున్నాయి. ఇన్ని నెలలూ అదురుతూ, తెగుతూ పడేవి, సరిగ్గా ఎప్పుడూ కనబడలేదు. ఇప్పుడు ఒకటి నెమ్మదిగా తిరుగుతూ కళ్ళ ముందు నుంచి దిగుతుంటే చెయ్యి ఆగింది. వంగి చూశాడు. వెలుతురుకి ఎత్తి చూసినట్టే చూశాడు. తరవాతి దాన్ని చూశాడు. దాని తరవాతి దాన్నీ. అన్నిటికీ అదే. ఎన్ని వేల ముక్కలు పక్కన పడేసిన కళ్ళవి! దీన్ని చూసి అల్లిన మచ్చే ఇరవయ్యేళ్ళు గోడకి వేలాడినా ఎలా చూడలేదు? గోడ మీది మచ్చుని ఎవరు చూస్తారు, మచ్చు పెట్టి మిగతావాటిని చూస్తారు గాని. ఎంతమంది ఆడవాళ్ళు దీన్ని చూసి అల్లి ఉంటారు, ఎన్నిటిని తను తప్పని తిప్పి పంపి ఉంటాడు!

తలుపు బార్లా తీశాడు.

"ఏమే!" అని కేకేశాడు, టైవాడు ఉలిక్కిపడేట్టు. "ఎడం పక్క కింది రెక్కలో ఒక గొలుసు తక్కువేశావ్!"

కీబోర్డులన్నీ ఆగాయి, ఒక్క ఏడో బల్ల తప్ప. వినీల నోరు తెరిచింది, ఎవరికి ఏం చెప్పాలో తెలియక. సూరమ్మ ఆ పిల్ల వైపు చూడలేదు. కేలండరు వైపూ చూడలేదు. వాక్యం పూర్తి చేసి, చుక్క పెట్టి, మొదటిసారి కుర్చీ తిప్పింది.

"తెలుసు," అంది తిన్నగా అతనితో. "సరిగ్గా అక్కడికొచ్చేసరికే మీరు అన్నం పెట్టమని కేకేశారు."